తోరణం నడుమ చార్మినారు: తెలంగాణ రాజముద్రపై ఒక పరిశీలన

రాజముద్రలను గురించిన చర్చ మన దగ్గర వంశవృక్షంతో మొదలై అక్కడే ఆగిపోతుంది. 2024 మే నెలలో తెలంగాణ రాజముద్రను మార్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడూ అదే జరిగింది. కాకతీయ కళాతోరణం, చార్మినారు రాచరిక చిహ్నాలని, సమ్మక్క సారలమ్మలను బలిగొన్న రాజ్యపు తోరణం ప్రజల ముద్రలో తగదని ఒక వాదం. అవి మన అస్తిత్వ చిహ్నాలని ప్రతివాదం. ముద్రలో ఏ రూపం దేని లోపల ఉంది, ఎందుకుంది అన్న ప్రశ్న మాత్రం దాదాపు వినిపించలేదు.

పుట్టుకే ప్రమాణమైతే ముందుగా తొలగించవలసినవి సారనాథ సింహాలు. అవి ఒక చక్రవర్తి నిలిపిన స్తంభశీర్షం. 1950 జనవరి 26న గణతంత్రం దానిని స్వీకరిస్తూ అడుగున ఉన్న పద్మాన్ని వదిలివేసి, ముండకోపనిషత్తులోని ‘సత్యమేవ జయతే’ను చేర్చింది. బ్రిటిష్ కిరీటం తొలగిన చోటికి మరొక రాజు గుర్తు వచ్చిందని ఎవరూ బాధపడలేదు. స్వీకరణలో జరిగిన ఆ కూడిక, తీసివేతలే దాని అర్థాన్ని మార్చాయి.

చార్మినారును కూడా ఇదే దృష్టితో చూడాలి. 1591 నాటి ఈ కట్టడం ఆసఫ్ జాహీల హయాంలో హైదరాబాదు నాణేలపైకి ఎక్కింది. అప్పుడు దాని ద్వారం ఖాళీగా లేదు. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అందులో ‘మీమ్’, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ‘ఐన్’ ఉండేవి. అంటే పాలకుని పేరులోని తొలి అక్షరం గుమ్మంలో నిలబడేది. దానికన్నా స్పష్టమైన రాచరికపు గుర్తు మరొకటి ఉండదు. 2014లో చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ రూపొందించిన ముద్రలో ఆ అక్షరం లేదు. పైగా, ఒకప్పుడు రాజు అక్షరానికి చోటిచ్చిన కట్టడమే ఇప్పుడు మరొక ద్వారంలో నిలబడింది.

ఆ రెండవ ద్వారం మరింత ఆసక్తికరమైనది. ఓరుగల్లు కోటలోని నాలుగు తోరణాలు స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నిలిపినవి. ఆలయం శిథిలమైంది, తోరణాలు మిగిలాయి. లోపలి దైవం లేని వాకిలిని ముద్ర స్వీకరించి, ఆ ఖాళీలో కుతుబ్ షాహీ కట్టడాన్ని నిలిపింది. తెలుగు, ఆంగ్లం, ఉర్దూ అక్షరాలు దాని చుట్టూ ఉన్నాయి. రెండు రాజ్యాలను పక్కపక్కన పెట్టి ఉంటే అది సర్దుబాటు అనిపించేది. ఒకదానిలో మరొకదాన్ని ఇమడ్చడం అంతకన్నా సాహసం. ఈ కూర్పును ‘రాచరికం’ అన్న ఒక్క మాటతో కొట్టివేయడం సరైన పఠనం కాదని నా అభిప్రాయం.

అయితే ముద్రకు లోపం లేదని కాదు. ఉప్పల్ మండలం నుంచి చూస్తే అది బాగా తెలుస్తుంది. ఈ ప్రాంతంలో ఒకప్పుడు చార్మినారు నాణెం చెల్లింది. ఉమ్మడి రాష్ట్ర కాలపు కాగితాలపై పూర్ణఘటం ఉండేది. అది అమరావతి శిల్పం నుంచి వచ్చినది, అంటే ఇక్కడి నేలకు దూరపు చుట్టం. 2014 తర్వాత తోరణం వచ్చింది. మూడు కాలాల గుర్తులూ రాజధానుల నుంచి, కోటల నుంచి, స్తూపాల నుంచి దిగివచ్చినవే. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకొని కులధ్రువీకరణ పత్రం కోసం తహశీల్దారు కార్యాలయానికి వచ్చే కార్మికునికి ఆ కాగితం మీద తన పని జాడ కనిపించదు. నాగలి లేదు, మగ్గం లేదు, యంత్రమూ లేదు. సమ్మక్క సారలమ్మల పేరిట వచ్చిన అభ్యంతరంలో నాకు బలంగా తోచే భాగం ఇదే: తోరణం ఎవరిదన్నది కాదు, తోరణం రాళ్లు మోసినవారు ఎక్కడున్నారన్నది.

ప్రచారంలోకి వచ్చిన కొత్త నమూనా దీనికి అమరవీరుల స్తూపాన్ని సమాధానంగా చూపింది. త్యాగాన్ని గౌరవించడంలో తప్పు లేదు. కానీ అదీ మరొక కట్టడమే. మరణించినవారి స్మృతి చేరినంత మాత్రాన బతికి పనిచేస్తున్నవారి లోటు తీరదు. ఆ మార్పు 2024లో వాయిదా పడింది. తిరిగి చర్చకు వస్తే, ఏ కట్టడాన్ని తీసివేయాలన్న ప్రశ్న కన్నా ముందు, ఆ రెండు ద్వారాల గడపలో నిలబడగల మనిషి రూపం ఏదన్నది చిత్రకారుల ముందు ఉంచవలసిన ప్రశ్న.