దిబ్బ మీద జెండా

మా మేనల్లుడు ఈ వారం నెదర్లాండ్స్ నుంచి ఒక మ్యాపు ఫొటో పంపినాడు. స్కోర్ల్ ఊరి దగ్గర సముద్రపొడ్డు ఇసుక దిబ్బల్లో వాడు పరుగెత్తిన ఓరియంటీరింగ్ పందెం మ్యాపు అది. మ్యాపు చదువుకుంటూ వరసగా జెండాలు వెతికి పరుగెత్తే ఆట. పెండ్లి సంబంధం సంగతి అడిగితే వచ్చిన జవాబు! అయినా కోపం రాలేదు. 1:10,000 స్కేలు, రెండున్నర మీటర్ల ఎత్తుకొక గోధుమరంగు గీత. గుడి లేదు, బావి లేదు. దిబ్బ నెత్తి, దిబ్బ వాలు, నడుమ గుంట, ఇవే ఆనవాళ్లు. జీపీఎస్‌ను నమ్ముకున్నవాడు సొంత పొలిమేరలోనే తప్పిపోతాడని రాసి రాసి మీకు విసుగు పుట్టించినాను గదా, నా పక్షాన సాక్ష్యం దొరికింది.

ఈ ఆటలో పరుగెత్తేవాడి కన్నా కోర్సు వేసేవాడి పనే నాకిష్టం. నారింజ, తెలుపు రంగుల జెండా ఎక్కడ పెట్టాలో వాడు తేల్చాలి. దాచిపెట్టడం గొప్ప కాదు. మ్యాపు సరిగా చదివి ఆ గుంటకు చేరినవాడికి జెండా కనబడాలి, అదృష్టం కొద్దీ దొరకగూడదు. (మొన్నొక క్యాంపులో సర్కారుతుమ్మ కంపలో జెండా దూర్చిన మహానుభావుడికి ఈ వాక్యం అంకితం.) రెండు జెండాల నడుమ ఒక పేచీ ఉండాలి. దిబ్బెక్కి నేరుగా పోతే దూరం తక్కువ, కానీ ఇసుకలో పిక్కలు పట్టేస్తాయి. చుట్టూ తిరిగితే దూరమెక్కువ, కాలు మాత్రం నిలుస్తుంది. ఇసుకలో ఇంకో చిక్కుంది: ముందు పోయినవాడి అడుగులే వెనకొచ్చేవాడికి దోవ చెప్పేస్తాయి. అందుకని ఒకే చోటి నుంచి రెండు మూడు చుట్లు పెట్టి, ఒక్కొక్కరిని ఒక్కో వరసలో తిప్పుతారు. మన గొర్రెల కాపరుల ముందు ఆ ఎత్తు కూడా పారదనుకుంటా.

మ్యాపు తెరవకుండానే ఈ పని చేసినవాడు మా తాత. 1984లో కరణీకాలు రద్దయ్యేదాకా కరణం. రెండూళ్ల మధ్య ఎల్ల తగాదా వస్తే పెద్దమనుషులను వెంటబెట్టుకుని బయల్దేరేవాడు, సెలవుల్లో నన్ను కూడా. "బోడబండకు పడమట, వంక మలుపులో, చీలిన రాయి" అనేవాడు. పోయి చూస్తే రాయి ఉండేది. ఓరియంటీరింగ్‌లో జెండా గుర్తుల చీటీ కూడా ఇట్లే ఉంటుంది: ఏ ఆనవాలు, ఎంత ఎత్తు, దానికి ఏ దిక్కున. కడపలో సి.పి. బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చువేసిన మెకంజీ కైఫియత్తులు (ఊళ్ల పాత చరిత్రలు) తిరగేయండి. కొన్ని ఊళ్ల ఎల్లలు చెప్పేచోట గుట్టలు, వంకలు, చెట్లు వరసగా వస్తాయి. మళ్లీ కైఫియత్తులే ఎత్తుకున్నాడని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మన రాయలసీమ దిబ్బల్లో కూడా ఇట్లాంటి కోర్సు వేయాలనిపించింది. సముద్రం లేని సీమలో ఇసుక దిబ్బలెక్కడివంటారా? ఉమ్మడి అనంతపురం జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పోండి. హగరి ఏటి ఇసుకను గాలి ఎత్తి చేల మీద పోసింది. ఆ హగరే తుంగభద్రలో కలిసి మా కర్నూలు మీదుగా పోతుంది కాబట్టి కాస్త హక్కు మాకూ ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటులో గీతకూ గీతకూ 20 మీటర్లు. మూడు నిలువుల దిబ్బ ఆ సందులో మాయమైపోతుంది. అంటే మ్యాపు కొత్తగా గీయాల్సిందే. ఎవరెవరిని పిలవాలో కూడా అనుకున్నాను.

ఆషాఢం గాలికి దిబ్బ జరుగుతుంది, గీసిన మ్యాపు పాతబడుతుంది. అది పెద్ద అడ్డంకి కాదు, మళ్లీ గీసుకోవచ్చు. అడ్డొచ్చింది గడ్డి. ఆ ఇసుకను కదలకుండా పట్టి ఉంచేది దాని మీద వేరుపట్టిన గడ్డి, నాటిన చెట్లు. యూరప్ తీరాల్లో కూడా దిబ్బగడ్డి ఉన్నచోట తొక్కొద్దని కంచె వేస్తారు, కోర్సు వేసేవాడు పరుగెత్తేవాళ్లను అటు పోనివ్వడు. అక్కడి దిబ్బ సముద్రాన్ని ఆపుతుంది. ఇక్కడ దిబ్బనే ఆపాలి, దాని పక్కనే వేరుశనగ చేను ఉంది. వందమంది బూట్లతో ఒకే వాలు దిగితే గడ్డి వేరు లేచిపోతుంది, రైతు మళ్లీ పార పట్టాలి.

కణేకల్లులో కోర్సు వద్దు. గండికోట మేలు. పెన్న లోయ పక్కన ఎర్రటి బండలు కావలసినన్ని, ఎంతమంది తొక్కినా కదలవు. ఐదు మీటర్లకొక గీత చాలు. లోయ అంచు వెంబడి మాత్రం ఊదారంగు గీత గట్టిగా గీసి, దాటరాదని రాసి, దాని దరిదాపుల్లో ఒక్క జెండా కూడా పెట్టగూడదు. సెల్ఫీల వాళ్ల గుంపు ఎటూ అక్కడే ఉంటుంది.