ఆటలో అరటిపండు

పిల్లలకు సచ్ఛీలము నేర్పుట యెట్లని పెద్దలు సభచేసి చర్చించుచుండగా, ఆ సభామందిరము వెనుక ఖాళీస్థలములో ఆ పిల్లలే పదిమంది చేరి, ఎవ్వరును చెప్పకుండ, ఎవ్వరును మార్కులు వేయకుండ, ఆ విద్యనే అభ్యసించుచుందురు. ఆటకు ముందు వారు వేసికొను పంటలను ఒకసారి నిలిచి చూడుడు. ముగ్గురు చేతులు కలిపి ఊపి, ఒక్కమారుగా కొందరు వెల్లకిల, కొందరు బోర్ల వేయుదురు. ఇద్దరివి ఒక తీరుగను, ఒకనిది వేరుగను పడినచో, ఆ వేరైనవాడు పండి బయటపడును. ఇట్లు ఒక్కొక్కరే పండిపోగా కడకు మిగిలినవాడు దొంగ. వాడు ఊరి మోతుబరి కుమారుడైనను, తరగతిలో ఎల్లప్పుడు మొదట వచ్చు బుద్ధిశాలియైనను, గోడవైపు తిరిగి కన్నులు మూసికొని అంకెలు లెక్కపెట్టక తప్పదు. ఇంతటి నిష్పక్షపాతమైన న్యాయస్థానమును పెద్దల లోకములో నేను అరుదుగా చూచితిని.

అంతకంటె ఆశ్చర్యకరమైనది అరటిపండు పద్ధతి. అక్క కొంగు వదలని నాలుగేండ్ల తమ్ముడు తానును ఆడెదనని ఏడ్చినప్పుడు, వానిని తరిమివేయుట సులభమే. ఆటలో చేర్చుకొని మొదటి క్షణముననే పట్టివేయుట మరింత సులభము. మన పిల్లలు ఈ రెండును చేయక, వానిని ఆటలో అరటిపండుగా చేర్చుకొందురు. వాడు అందరితోపాటు పరుగెత్తును, దాగుకొనును, కేకలు వేయును. వానిని ముట్టుకొన్నను వాడు దొంగ కాడు. తాను లెక్కలో లేనను సంగతి ఆ పసివాడొక్కడే ఎరుగడు. ఆ రహస్యమును పదిమంది అల్లరిమూక ఒక సాయంకాలమంతయు కాపాడుట గమనించినవారికి, దాక్షిణ్యమనగా నేమో తెలిసికొనుటకు వేరొక గ్రంథమును చూడవలసిన పని లేదు. ఏ ఉపాధ్యాయుడు కల్పించిన నియమమిది? ఏ పాఠ్యప్రణాళికలోనిది? ఒక తరము పిల్లలు తరువాతి తరమునకు వీధిలోనే అప్పగించిరి. పెద్దలము మనము దానినొక ఎత్తిపొడుపు మాటగా మాత్రము వాడుకొనుచున్నాము.

బడిలో పాఠములు చెప్పుకొని బ్రదికిన దినములలో, మధ్యాహ్నపు విరామమున వేపచెట్టు క్రింద తొక్కుడుబిళ్ళ ఆడు బాలికలను చూచుట నాకొక వ్యసనముగా నుండెను. ఒకనాడు ఒంటికాలిపై గెంతుచున్న పిల్ల మూడవ గడి దాటగానే ఎదుటి పక్షపు పిల్ల “గీత తొక్కావు” అనెను. “తొక్కలా.” “తొక్కావు, నేను చూశా.” “ఒట్టు, తొక్కలా.” రెండు పక్షములును దగ్గరకు వచ్చినవి; “తొండి” అను ఘోరమైన నేరారోపణము వినబడినది; “నీ జట్టు కచ్చి” అని చిటికెనవ్రేలు కూడ లేచినది. నేను లేచి పోయి తీర్పు చెప్పవలెనని పాదము కదల్చునంతలో, వారిలో పెద్దపిల్ల యొకతె నేలమీద కూర్చుండి దుమ్ములోని పాదపు గురుతును వంగి చూచెను. బొటనవ్రేలి జాడ గీతను ఆనినదో లేదో తేలలేదు. మట్టి సాక్ష్యము చెప్పలేదు. అప్పుడు ఆమె లేచి, “సరే, మళ్ళీ వెయ్యి” అనెను. ఆ రెండు మాటలతో ఆట సాగిపోయినది. రెండు పక్షములకును అవమానము కలుగలేదు. నేను పోయియుండినచో, ఎవతెనో యొకతెను అబద్ధాలాడితివని గద్దించి, మరియొకతెను గెలిపించి, బిళ్ళను లాగుకొని గంట కొట్టించియుందునని నాకు రూఢిగా తెలియును. మన వృత్తిధర్మమట్టిది.

వీధిలో నేర్చినదంతయు మంచిదేయని నేను వాదించుట లేదు. పిల్లల గుంపులో కరుణ యున్నట్లే క్రౌర్యమును ఉండును. నత్తిగా మాటలాడువానిని అనుకరించి ఏడిపించుట, క్రొత్తగా వచ్చినదానిని వారముల తరబడి జట్టులో చేర్చుకొనకుండుట, ఇంటిలో పెద్దలు గుసగుసలాడిన కులము మాటను ఆటలోనికి తెచ్చి యొకనిని దూరముగా నిలువబెట్టుట కూడ అక్కడనే జరుగును. గీత తొక్కిన తగవునకు పెద్దలు దూరముగా నుండవలెను. మనిషిని తొక్కిన తగవునకు తక్షణము నడుమ పోవలెను. ఈ రెంటికిని గల భేదమును ఎరుగుటయే ఈ వృత్తిలోని నేర్పు. మనలో పెక్కుమంది మొదటి దానికి పరుగెత్తుకొని వచ్చి, రెండవ దానిని “పిల్లలన్న తరువాత మామూలే” అని విడిచిపెట్టుచున్నారు.

పెద్దలు చేయవలసినది బొత్తిగా లేదని కాదు. వారు చేయవలసినది బోధకంటె ఏర్పాటు. ఈ మర్మమును బాగుగా కనిపెట్టినవారిలో మరియా మాంటిసోరీ యొకరు. ఆమె 1907లో రోము నగరపు పేదలవాడలో తన మొదటి శిశుగృహమును తెరచినది. 1939లో మదరాసు అడయారునకు వచ్చి, దేశము నలుమూలలనుండి చేరిన ఉపాధ్యాయులకు తన పద్ధతి నేర్పినది. యుద్ధము ముగియువరకు ఈ దేశముననే నిలిచిపోయినది. ఆమె తరగతిలో ఒక నియమము కలదు: ఏ యుపకరణమైనను ఒక్కటే యుండవలెను. నలువది మంది పిల్లలున్నను గులాబిరంగు దిమ్మల గోపురము ఒక్కటే. డబ్బు లేక కాదు. ఒకడు దానితో పనిచేయుచుండగా మరియొకడు ప్రక్కన నిలిచి చూడవలెను, తన వంతు వచ్చువరకు ఆగవలెను, మొదటివాడు తన పని ముగించి దానిని అలమారలో యథాస్థానమున నుంచవలెను. “నాయనా, ఓర్పు మహాగుణము” అని అక్కడ ఎవ్వరును ఉపన్యసింపరు. గోపురమొక్కటియే యగుటచేత ఓర్పు దానంతటదే కావలసివచ్చును. కుర్చీని చప్పుడు కాకుండ ఎత్తి మోయుట, పనిలోనున్నవారిని మర్యాదగా పలుకరించుట కూడ ఆమె బడిలో చేతులతో అభ్యసించు పాఠములే. మన నగరములలో ఆమె పేరు బోర్డుమీద వ్రాసికొన్న కొన్ని బడులలో పసివారు వరుసబెంచీలలో కూర్చుండి అక్షరములు దిద్దుచుండుట చూచినప్పుడు నవ్వవలెనో, దుఃఖింపవలెనో తోచదు.

మాంటిసోరీ అడయారులో నున్న ఆ దశాబ్దముననే, అదే మదరాసు నగరములో మన తెలుగు దంపతులు న్యాపతి రాఘవరావు, కామేశ్వరి గారలు రేడియో అన్నయ్య, అక్కయ్యలై మరియొక మార్గమున ఇట్టి పనినే చేసిరి. పిల్లలకొరకు పెద్దలు మాటలాడుట గాక, పిల్లలచేతనే పాడించి, ఆడించి, పలికించిరి. ఒక్క మైకు చుట్టును గుమిగూడిన పిల్లలకు ఎదుటివాని వాక్యము ముగియువరకు ఆగుట, తన వాక్యము వచ్చినప్పుడు వెనుకాడక పలుకుట తప్పనిసరియే గదా. వారు 1945లో స్థాపించిన ‘బాల’ పత్రికను చదివి పెరిగిన తరమువారు నేటికిని ఆ అన్నయ్య పేరు చెప్పగానే ముఖము వికసింపజేయుదురు.

ఇక ఇంటి మాట. పూర్వము అతిథి గడప త్రొక్కగానే కాళ్ళకు నీళ్ళిచ్చుట, పీట వేయుట, మంచినీళ్ళ చెంబు తెచ్చుట పిల్లల పని. అందులో వారికొక బాధ్యతయు, దాని వెంట కొంత గౌరవమును ఉండెను. నేడు అతిథి వచ్చినచో పిల్లవానిని గదిలోనుండి పిలిచి, “అంకుల్‌కి రైమ్ చెప్పు నాన్నా” అని నడిహాలులో నిలువబెట్టుదురు. వాడు గోళ్ళు కొరుకుచు తల్లి వెనుక దాగుకొనును. తల్లి సిగ్గుపడి, “బాగా చెప్తాడండీ, కొత్తవాళ్ళను చూసి బిడియం” అని సంజాయిషీ చెప్పును. బిడియమెందుకుండదు? మనలో ఎవ్వరినైన ఒక అపరిచితుని యెదుట నిలువబెట్టి పాడుమన్నచో మన గొంతు పెగులునా? ఆ బాలునిచేతికి ఒక మంచినీళ్ళ గ్లాసిచ్చి పంపుడు. వాడు తొణకకుండ నడచి వచ్చి, అందించి, కన్నులెత్తి చూచును. సంభాషణ అక్కడ మొదలగును. పొరుగింటికి అట్లతద్ది వాయనమో, వినాయకచవితి ఉండ్రాళ్ళో పళ్ళెములో పెట్టి పంపుట, కిరాణాకొట్టులో చిల్లర లెక్కచూచుకొని తెచ్చుట, తాతగారి కళ్ళజోడు వెదకి యిచ్చుట, ఇవి చిల్లరపనులని వాటినుండి పిల్లలను తప్పించి, ఆ కాలమును ట్యూషనుకిచ్చి, పిమ్మట వ్యక్తిత్వవికాస శిబిరమునకు ఫీజు కట్టుచున్నాము.

బడులలో నీతిబోధకు ప్రత్యేకముగా ఒక పీరియడు ఉండవలెనని మధ్యమధ్య కోరిక బయలుదేరుచుండును. ఉండిన ఉండుగాక, సుమతి శతకము కంఠస్థమగుట చెడ్డదేమియు కాదు, భాషకైనను మేలు. కాని ప్రతి ప్రభుత్వపు బడిలోను నీతికి ఇదివరకే ఒక పీరియడు కలదు. దానికి మధ్యాహ్నభోజనమని పేరు. నానాకులముల పిల్లలు ఒక్క వరుసలో కూర్చుండి, ఒక్క గిన్నెలోని సాంబారును పంచుకొని, గ్రుడ్డు అందరికి వచ్చినదో లేదో చూచుకొను ఆ అరగంట, సరిగా నడపినచో, ఏ ఉపన్యాసమునకును తీసిపోదు. దానిని సరిగా నడపుటయన, పిల్లలచేతనే వంతులవారీగా వడ్డింపజేయుట, ఉపాధ్యాయుడును అదే వరుసలో కూర్చుండి తినుట. ఈ రెండవది మరింత కష్టమని నాకు తెలియును.

పైన చెప్పిన విద్యలన్నిటికిని కావలసినవి రెండే: కొంత తీరిక, కొంత నేల. తీరికను హోంవర్కును, ఫోనును మ్రింగివేసినవి. నేలను అపార్టుమెంట్ల కార్లు ఆక్రమించినవి. బడిలోని ఆటల పీరియడును పదవతరగతి లెక్కల మాస్టరు అప్పు తీసికొని తిరిగి యివ్వడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన షెడ్యూలులోనే బడికి ఆటస్థలముండవలెనని నిర్దేశించినది. అయినను భవనముల మేడలమీద, దుకాణముల సముదాయములలో బడులు నడచుచునే యున్నవి, మనము చేర్పించుచునే యున్నాము. వచ్చే జూన్‌లో అడ్మిషనుకై పోవు తల్లిదండ్రులకు నా మనవి యొక్కటి: కంప్యూటరు గదిని, గోడమీది ర్యాంకుల ఫొటోలను చూచిన పిమ్మట, పిల్లలు ఆడుకొను స్థలమును చూపుమని అడుగుడు, చూపలేనిచో దరఖాస్తును మడచి జేబులో పెట్టుకొని మరియొక బడికి నడువుడు.