బాలల చరిత్ర రచనలో కర్తృపదం: అమెరికా చరిత్ర పుస్తకాలపై ఒక పరిశీలన

ఎదిగిన పిల్లలకూ, చరిత్రను కొత్తగా చదవబోయే పెద్దలకూ ఉద్దేశించిన పుస్తకాలను సాధారణంగా భాషను బట్టి అంచనా కడతారు. వాక్యం చిన్నదా, పదం తేలికైనదా అన్నవే కొలమానాలు. అమెరికా చరిత్ర విషయంలో ఇవి చాలవు. వాక్యంలో కర్త ఎవరన్నది కూడా చూడాలి.

అట్లాంటిక్ బానిస వ్యాపారం ఆఫ్రికా నుంచి లక్షలాది 'పనివారిని' తోటలకు తెచ్చిందన్న వివరణ 2015లో టెక్సాస్‌లో వివాదాస్పదమైంది. అది మెక్‌గ్రాహిల్ ప్రచురించిన భూగోళ పాఠ్యపుస్తకంలోనిది. సంస్థ దాన్ని సవరించడానికి అంగీకరించింది. ఆ వాక్యంలో కఠినపదం ఒక్కటీ లేదు. వ్యాపారమే కర్త, పట్టి తెచ్చినవాడూ, కొన్నవాడూ కనిపించరు.

సదుద్దేశంతో చేసిన సరళీకరణ కూడా పక్కదారి పట్టవచ్చు. 1787 నాటి రాజ్యాంగం బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కించిందని పరిచయ గ్రంథాలు తరచు చెబుతాయి. పూర్తిగా లెక్కిస్తే న్యాయం జరిగి ఉండేదని పిల్లలు అనుకుంటారు. వాస్తవం వేరు. ఆ లెక్క ప్రధానంగా ప్రతినిధుల సభలో స్థానాల కోసం. పూర్తిగా లెక్కించాలన్నది బానిసల యజమానులు బలంగా ఉన్న దక్షిణ రాష్ట్రాల పట్టు. ఓటు లేని మనుషుల పేరిట వాటికి అదనపు స్థానాలు దక్కాయి. పైగా మూల రాజ్యాంగంలో 'బానిస' అన్న మాటే లేదు, 'ఇతర వ్యక్తులు' అన్నారు. 'బానిసత్వం' అన్న పదం 1865 నాటి 13వ సవరణతోనే అందులో చేరింది. ఈ మౌనాన్ని వివరించడానికి మరో రెండు వాక్యాలు కావాలి. పుటలు తగ్గించే తొందరలో ముందు కోతపడేవి అవే!

హోవర్డ్ జిన్ 1980లో వెలువరించిన అమెరికా ప్రజాచరిత్రను రెబెకా స్టెఫాఫ్ 2007లో యువపాఠకుల కోసం కుదించారు. కొలంబస్ రాకను అరవాక్ ప్రజల వైపు నుంచి చూసే దృష్టి అందులో నిలిచింది. కర్తలు మాయం కాలేదు. ఇది చిన్న విషయం కాదు. అయితే జిన్ మూలగ్రంథంలో నిశ్చయం పాలు ఎక్కువ, ప్రశ్నకు చోటు తక్కువ అని శామ్ వైన్‌బర్గ్ ఆక్షేపించారు. బాలల ప్రతికి ఈ ఆక్షేపణ మరింత గట్టిగా తగులుతుంది. పెద్దలు మరో పుస్తకంతో పోల్చి చూడగలరు. తొలి పుస్తకం చేతపట్టిన పాఠకుడికి ఆ అవకాశం లేదు.

అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన సంక్షిప్తానువాదం 'ఏడుతరాలు' ద్వారా ఎందరో తెలుగు పాఠకులు ఈ చరిత్రను చేరుకున్నారు. కుంటా కింటే తన పేరు కోసం పెనుగులాడే ఘట్టాన్ని తరగతిలో చదివించేటప్పుడు, రాజ్యాంగంలోని 'ఇతర వ్యక్తులు' అన్న పదబంధాన్ని పక్కనే నల్లబల్లపై రాసి ఉంచవచ్చు.