గీత దాటని వెలుగు

మా బావది పది టైర్ల లారీ. విజయవాడలో లోడెత్తి చెన్నై దారిలో రాత్రిళ్లే ఎక్కువగా తోలతాడు. రెండేళ్ల కిందట ఓ రోజు ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూలబడ్డాడు. “ఒంగోలు దాటాక గేదె బంపరు దగ్గరికొచ్చేదాకా కనపడలేదురా. ఇవేం లైట్లు?” అన్నాడు. ఆటోనగర్‌లో ఎవరో హెచ్‌ఐడీ బల్బులు గుచ్చేస్తే పట్టపగలే అవుతుందని చెప్పారట. “వద్దు బావా, వారం ఆగు, నేను చేసిస్తాను” అన్నాను.

ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే పాత బల్బు సంగతి చెప్పాలి. హెచ్‌4 బల్బు 1971లో వచ్చింది. 24 వోల్టుల లారీలో వాడేది 75/70 వాట్లది. ఒకే గాజు బుడ్డిలో రెండు తీగలుంటాయి. డిమ్ము తీగ కింద గోరంత రేకు దొన్నె ఉంటుంది. దాని అడ్డం వల్ల వెలుగు రిఫ్లెక్టరు పైసగానికే తగిలి, అక్కణ్నుంచి కిందికి, రోడ్డు మీదికి వాలుతుంది. ఆ తీగ ఎక్కడుంటుందో లెక్కగట్టి రిఫ్లెక్టరు వంపు తీశారు. ఆ చోట వేరే జాతి బల్బు పెడితే లెక్కంతా పోయి వెలుగు నాలుగువైపులా చెదురుతుంది. తోలేవాడికి బంపరు ముందు తెల్లగా మెరుస్తుంది, ఎదురొచ్చేవాడికి రోడ్డే మాయమవుతుంది. మా నాన్న రోజుల్లో హెడ్‌లైటు అద్దం పైసగానికి నల్లరంగు పూసేవాళ్లు. లారీ వెనక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని రాయించుకునేవాళ్లు. ఎదుటివాడి కళ్ల గురించి ఆ మాత్రం పట్టింపు ఉండేది.

అందుకే బావ లారీకి ప్రొజెక్టరు దీపాలు పెడదామనుకున్నాను. ప్రొజెక్టరులో ఆ నల్లరంగు పని ఒక రేకు చేస్తుంది. లోపల గిన్నెలాంటి రిఫ్లెక్టరు బల్బు వెలుగునంతా ముందుకు తెచ్చి ఒకచోట కుప్ప పోస్తుంది. సరిగ్గా అక్కడ, కింది సగానికి అడ్డంగా రేకు నిలబడి ఉంటుంది. మిగిలిన వెలుగును ముందున్న ఉబ్బెత్తు లెన్సు తలకిందులు చేసి పంపుతుంది. కింద పెట్టిన అడ్డం కాబట్టి నీడ పైన పడుతుంది. గోడ మీద చూస్తే కత్తితో కోసినట్టు గీత కనిపిస్తుంది. కింద పగలు, పైన రాత్రి. హై బీమ్ వేసినప్పుడు చిన్న అయస్కాంతపు చుట్ట ఆ రేకును లాగేస్తుంది, టక్కుమని వినపడుతుంది. ఈ పనిలో నాకు ప్రాణం లెన్సు కాదు, ఆ రేకు.

కంపెనీ హెడ్‌లైటు డబ్బాను విప్పడమే సగం పని. ముందున్న ప్లాస్టిక్ అద్దాన్ని నల్లటి జిగురుతో అతికించి ఉంటారు. క్లిప్పులు, స్క్రూలు తీసేసి, హీట్ గన్నుతో అంచు చుట్టూ నెమ్మదిగా వేడి చేస్తూ పోవాలి. ఒకేచోట నిలిపితే ప్లాస్టిక్ వంకరపోతుంది, తొందరపడి లాగితే చెవులు విరుగుతాయి. జిగురు పదునుకొచ్చిందని చేతికే తెలుస్తుంది. స్క్రూడ్రైవరు దూర్చి కొంచెం ఎత్తితే బెల్లం తీగపాకంలా సాగుతుంది. ఆ సాగుడు చూస్తే ఇప్పటికీ నాకు ఊపిరి ఆడుతుంది. పాత బల్బు ఉండే రంధ్రంలోంచే ప్రొజెక్టరు కాడ వెనక్కి దూర్చి పెద్ద నట్టు బిగిస్తాం. డబ్బాకు కోత పెట్టలేదు, కంపెనీ ఇచ్చిన సర్దుబాటు స్క్రూలు అలాగే పనిచేస్తాయి.

నట్టు బిగించేటప్పుడు ప్రొజెక్టరు కూడా వెంట తిరుగుతుంది. ఒక్క డిగ్రీ తిరిగితే గోడ మీద గీత మీటరుకు పావుతక్కువ రెండు సెంటీమీటర్లు వాలుతుంది. తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, గోడ మీద సుద్ద దారం కొట్టి, రెండు దీపాల గీతలూ దానికి సమంగా వచ్చేదాకా నట్టు వదులు చేస్తూ బిగిస్తూ రెండు రాత్రులు కూర్చున్నాను.

అంతా చేసీ తప్పు చేశాను. మొదటి ట్రిప్పు నుంచి తిరిగొచ్చిన బావ, “రోడ్డు భలే కనపడుతోందిరా. కానీ ఎదురొచ్చిన ప్రతివాడూ నాకు డిప్పర్ కొడుతున్నాడు” అన్నాడు. ఆ రాత్రే బండిని గోడ ముందు పెట్టించి చూశాను. గీత మధ్య నుంచి కుడివైపుకు మెట్టులా పైకి లేచి ఉంది. నేను తెచ్చిన ప్రొజెక్టర్లు కుడివైపున బండి నడిపే దేశాల కోసం చేసినవి. రోడ్డు అంచున నడిచే మనుషులు, మైలురాళ్లు కనపడాలని ఆ వైపు వెలుగును కొంచెం పైకి లేపుతారు. వాళ్లకు అంచు కుడివైపు. మనకు కుడివైపు నుంచి వచ్చేది ఎదుటి బండి. బిగించేటప్పుడు ఆ మెట్టును నేను చూశాను. చూసి, ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నాను తప్ప ఎటు లేచిందని ఆలోచించలేదు. ఆ ట్రిప్పులో నా గీత ఎంతమంది కళ్లలో పడిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మళ్లీ డబ్బాలు వేడి చేసి, విప్పి, ఎడమకు మెట్టు లేచేవి తెచ్చి పెట్టాను. జిగురు మాత్రం రెండోసారి కొత్తదే వేయాలి. పాతదాన్ని నమ్మితే మొదటి వానకే అద్దం లోపల ఆవిరి పడుతుంది.

కరెంటు సంగతి ఒక్క ముక్క. ప్రొజెక్టర్లు 12 వోల్టులవి, లారీలో వరసగా కట్టిన రెండు బ్యాటరీలు. టేపురికార్డరుకు లాగినట్టు ఒక బ్యాటరీ నుంచే వైరు లాగేవాళ్లున్నారు. అలా చేస్తే అది అరిగిపోతుంటే రెండోది అతిగా చార్జయి, చివరికి రెండూ పాడవుతాయి. 24ను 12 చేసే కన్వర్టరు పెట్టి, రిలే ద్వారా విడిగా లావు వైరు వేశాను.

ఎత్తు సర్దడం లోడు మీదే చేయాలి. ఖాళీ బండికి సర్దితే, సరుకెక్కి వెనక కమానుకట్టలు అణిగాక ముక్కు లేచి గీత కూడా లేస్తుంది. పది మీటర్ల దూరంలో గీత పది సెంటీమీటర్లు దిగేలా పెట్టాను. మీటరు ఎత్తున్న దీపానికి ఆ గీత వంద మీటర్ల అవతల రోడ్డును తాకుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో అది నాలుగున్నర సెకన్ల దూరం. గేదెను చూసి బ్రేకు తొక్కడానికి అంత వ్యవధి కావాలి.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది నాకు కంఠతా వచ్చు. దీపానికి ఎనిమిది మీటర్ల ముందు, అర మీటరు కుడికి, ఒకటిన్నర మీటరు ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు రాకూడదు. కొలిస్తే మా మేనల్లుడి కళ్లు సరిగ్గా ఆ ఎత్తులో ఉన్నాయి. టేపుతో దూరం కొలిచి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి వాణ్ని అక్కడ నిలబెట్టాను. బావ స్విచ్చి వేశాడు.

“ఎలా ఉందిరా?” అని అరిచాను.

“బెల్టు దాకా వచ్చి ఆగింది మామయ్యా” అన్నాడు, లారీ వైపే చూస్తూ. వాడి మొహం నాకు చీకట్లోనే ఉంది. ఆ ఎనిమిది మీటర్లూ నడిచి వెళ్లి, వాడి పక్కనే అదే ఎత్తుకు వంగి నిలబడి, నేను కూడా లారీ వైపు చూశాను.