ఉప్పుగాలీ, ఆరు సిలిండర్లూ

2025 అక్టోబరులో జర్మనీలో పోర్షే 718 తయారీ ఆగిపోయింది. బాక్‌స్టర్, కేమన్ అనే రెండు చిన్న స్పోర్ట్స్ కార్లకు ఉమ్మడి పేరది. యూరప్‌లో అయితే అమ్మకం అంతకు ముందు ఏడాదే ఆపేశారు. వాహనాల సైబర్ భద్రతకు వచ్చిన కొత్త నిబంధనల కోసం ఆ పాత ఎలక్ట్రానిక్స్‌ను మార్చుకుంటూ కూర్చునేకంటే కారునే మానేయడం నయమనుకున్నారు. దాని స్థానంలో ఎలక్ట్రిక్ కారు వస్తుందని కంపెనీ 2022లో ప్రకటించింది. దశాబ్దం సగానికల్లా అన్నారు. 2025 వచ్చింది, వెళ్లింది, కారు మాత్రం రాలేదు. పైగా ఆ ఏడాదే మాట కాస్త మార్చి, ఖరీదైన రకాలకు పెట్రోలు ఇంజను కూడా ఉంటుందన్నారు.

జర్మనీలో ఫ్యాక్టరీ ఆగితే విశాఖపట్నం రుషికొండలో ఎవరికి పట్టింది? పట్టిన మనిషి ఒకడున్నాడు. ఈ కాలమిస్టు మిత్రుడు. ఐటీ కొండ మీద ఉద్యోగం, సముద్రం వినిపించే దూరంలో ఇల్లు, ఇంటికింద సెకండ్స్‌లో కొన్న 2013 రిజిస్ట్రేషన్ బాక్‌స్టర్. కాలమిస్టుది పోలో జీటీ. రెండు కార్ల ధరల మధ్య బోలెడు దూరం ఉన్నా, ఆదివారం పొద్దున్నే రెండూ వెళ్లేది ఒకే రోడ్డు మీద: రుషికొండ నుంచి మంగమారిపేట మీదుగా భీమిలి. ఆర్కే బీచ్ వైపు వెళ్లి లాభం లేదు, పొద్దుటిపూట నడిచేవాళ్ల కోసం అక్కడ వాహనాలు ఆపేస్తారు. భీమిలిలో టీ దగ్గర ప్రతిసారీ నలిగేది ఒకటే ప్రశ్న. తయారీ ఆగిన కారు కాబట్టి ఇప్పుడు మంచి రేటు పలుకుతుంది, అమ్మేసి డబ్బు దగ్గర పెట్టుకుని కొత్తదాని కోసం ఆగాలా, లేక ఉన్నదాన్నే నమ్ముకోవాలా?

వచ్చేది ఉన్నదానికంటే మెరుగ్గా ఉంటుందన్న నమ్మకం మీదే ఎవరైనా ఆగుతారు. బాక్‌స్టర్ చరిత్ర ఆ నమ్మకానికి పెద్దగా బలమివ్వదు. 1996లో మొదటిది వచ్చినప్పటి నుంచి సీట్ల వెనకాల ఆరు సిలిండర్ల ఇంజను, మూడు అటు మూడు ఇటు, అడ్డంగా పడుకుని ఉండేది. 2016లో 718 అని పేరు తగిలించి, ఆరు తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు. వేగం పెరిగింది, గొంతు పోయింది. కారు పత్రికలన్నీ ఆ గొంతు గురించే సణిగాయి. 2020లో మళ్లీ ఆరు సిలిండర్లతో, 4 లీటర్ల ఇంజనుతో, 400 పీఎస్ శక్తితో జీటీఎస్ 4.0 తెచ్చారు. అంటే 2016లో పాతది అమ్మి కొత్తది కొన్నవాడు, చేతులారా వదులుకున్న దాన్ని నాలుగేళ్ల తర్వాత ఇంకా ఎక్కువ డబ్బు పోసి తెచ్చుకోవాల్సి వచ్చింది. మిత్రుడిది ఆ మార్పుకు ముందు తరం. 2.7 లీటర్లు, టర్బో లేదు. తొట్లకొండ దగ్గర గేరు ఒకటి తగ్గించి తొక్కితే ఇంజను పాడే పాట కోసమే అతను కారు కొన్నాడు. ఆ సంగతి అతని భార్యకు కూడా తెలుసు.

మన దేశంలో వ్యవహారం ఇంకా కష్టం. ఇక్కడ కొత్త తరం ఆలస్యంగా రావడం కాదు, అసలు రాకపోవడమే ఎక్కువ. ఫోర్డ్ మస్టాంగ్ సంగతే చూడండి. 2016 జులైలో ఇండియాకు వచ్చింది. 5 లీటర్ల వీ8, కుడివైపు స్టీరింగు, ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ 65 లక్షలు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో అమ్మకం ఆగింది. బీఎస్6 మస్టాంగ్ వస్తుందిలే అని ఎదురుచూశారు అభిమానులు. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీకే స్వస్తి చెప్పి, మస్టాంగును మాత్రం దిగుమతి చేస్తామంది. ఏడాది తర్వాత డెట్రాయిట్‌లో ఏడో తరం మస్టాంగ్‌కు తెర తీశారు. కుడివైపు స్టీరింగుతో అది బ్రిటన్‌కూ, ఆస్ట్రేలియాకూ వెళ్లింది. మన షోరూముకు రాలేదు. రావడానికి షోరూమంటూ ఉండాలి కదా! ఆ ఆశతో పాత మస్టాంగును తెగనమ్ముకున్నవాడికి రెండూ లేకుండా పోయాయి.

పోలోదీ అదే కథ, చిన్న అక్షరాల్లో. కొత్త తరం పోలో యూరప్‌లో 2017లోనే వచ్చింది. పుణె దగ్గర చాకన్‌లో మాత్రం పాతదాన్నే 2022 దాకా చేసి, చివర్లో ‘లెజెండ్’ అని ఒక బ్యాడ్జి అంటించి సెలవు పుచ్చుకున్నారు.

వచ్చినా అందరికీ అందుతుందా అంటే అదీ లేదు. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245ను 2020లో దేశం మొత్తానికి 200 కార్లు తెచ్చారు, ఒక్కోటి 36 లక్షలు. ఆ తర్వాతి తరం ఆర్ఎస్ ఇక్కడికి రావడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది. ధర 49.99 లక్షలు, సంఖ్య 100. ధర ప్రకటించేసరికే వందా బుక్కయిపోయాయి. ఐదేళ్లు ఓపిక పట్టినవాళ్లలో ఎందరికి దొరికిందో లెక్క కట్టడం కష్టమేమీ కాదు.

ఆగమనేవాళ్ల వాదనలోనూ పస లేకపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం దాకా ఉన్నది 40కి దిగింది. అదే ఏడాది జులై 24న బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2026 జనవరిలో యూరోపియన్ యూనియన్‌తో చర్చలు ముగిశాయి. యూరప్ కార్ల మీద 110 శాతం ఉన్న దిగుమతి సుంకం, కోటాకు లోబడి, అంచెలంచెలుగా 10 శాతానికి దిగాలని అందులో మాట. కోటి రూపాయల కారు మీద ఇది చిల్లర విషయం కాదు. మిత్రుడు ఈ లెక్కలన్నీ ఎక్సెల్‌లో వేసి ఉంచుకున్నాడు. ఐటీ వాళ్లతో వచ్చిన చిక్కే అది. ఎక్సెల్‌లో గడి ఉంటే కారు కూడా ఉన్నట్టే అనుకుంటారు. సుంకం తగ్గడం ఢిల్లీ, బ్రస్సెల్స్ చేతిలో పని. ఆ కారును కుడివైపు స్టీరింగుతో ఇక్కడికి పంపాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం.

ఇక రుషికొండ సంగతి. ఐదారేళ్లుగా ఆ పేరెత్తితే అందరికీ కొండ మీది వివాదాస్పద ప్రభుత్వ భవనాలే గుర్తొస్తున్నాయి గానీ, కారున్నవాడికి రుషికొండ అంటే ఉప్పు. 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న బీచే, ఇంటి ముందున్న కారును నెమ్మదిగా తినేది కూడా. రాత్రి కడిగి పెట్టిన కారు బ్రేకు డిస్కుల మీద తెల్లారేసరికి నారింజరంగు పొర. దాంతో భయం లేదు, రెండుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. కంటికి కనిపించని చోట జరిగేదే అసలు నష్టం. స్టీలు బోల్టు అల్యూమినియం భాగంలో దిగిన చోట ఉప్పుతేమ చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది, బోల్టు విప్పబోతే తల తెగి చేతికొస్తుంది. బాక్‌స్టర్ బాడీలోని స్టీలు రేకుకు జింకు పూత ఉంది, 1976 మోడల్ 911 నుంచి పోర్షే పాటిస్తున్న పద్ధతి అది. బాడీ మిగులుతుంది. దానికి బిగించినవన్నీ మిగులుతాయన్న హామీ లేదు. ఈ ఊళ్లో పాత కారు కొనేవాళ్లు 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడ్డ రోజున, అది ఎక్కడుందో అడిగి తెలుసుకోవడం మంచిది.

టాప్ తెరుచుకునే కార్లలో మరో బాధ ఉంది. గుడ్డ టాప్ మడత కింద చేరే వాన నీరు కిందికి పోవడానికి సన్నని గొట్టాలుంటాయి. బీచ్‌రోడ్డు పొడుగునా ఉన్న సరుగుడు ఆకులు ఆ గొట్టాల్లోకి సూదుల్లాగే దిగుతాయి. గొట్టం మూసుకుంటే నీళ్లు వెతుక్కునే దారి సీటు కిందికి. మొదటి తరం బాక్‌స్టర్లలో అలారం కంట్రోల్ యూనిట్ పెట్టింది సరిగ్గా అక్కడే. ఆ పెట్టె తడిసిందంటే కారు స్టార్టవదు.

గాజువాక ఆటోనగర్‌లో ఒకరోజు మిత్రుడి కారు ముందు బంపరు విప్పారు. ఏసీ చల్లగా రావడం లేదన్నది ఫిర్యాదు. ఇంజను మధ్యలో ఉన్నా బాక్‌స్టర్‌కు రేడియేటర్లు ముందే, చెరో మూల ఒకటి, వాటి ముందు ఏసీ కండెన్సర్లు. బంపరు కన్నాల్లోంచి లోపలికి వచ్చింది ఏదైనా మళ్లీ బయటికి పోదు. కుడివైపు మూలలో పిడికెడు సరుగుడు ఆకులు, తడి ఇసుక, ఒక చిప్స్ ప్యాకెట్ ముక్క, రెక్కలు మాత్రం చెక్కుచెదరని తూనీగ. ఆకులు తీసి కండెన్సరు కింది వరస మీద మెకానిక్ గోరుతో గీస్తే, సన్నటి అల్యూమినియం రెక్కలు అప్పడంలా పొడిపొడిగా రాలాయి. పైవరస మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. తడి ఆకు ఎంత మేర అంటుకుందో అంత మేరే తినేసింది.

మిత్రుడు అక్కడా తన ప్రశ్న వదల్లేదు. ‘‘కొత్తది వస్తుందంటున్నారు గురూ, దీన్ని అమ్మేయమంటావా?’’

మెకానిక్ పైకి చూడలేదు. ‘‘కొత్తది ఎప్పుడొత్తాదో మనకెందుకు బాబూ? ఈ కండెన్సరు ఇంకెన్నాళ్లు దొరుకుతాదో కనుక్కోండి ముందు.’’

ఎక్సెల్‌లో లేని గడి అదే. కాలమిస్టుకు అప్పటి నుంచి ఈ చర్చంతా తలకిందులుగా కనిపిస్తోంది. రాబోయే కారు తేదీ మన చేతిలో లేదు, దాన్ని పట్టుకుని ఉన్న కారు భవిష్యత్తు తేల్చలేం. ఉన్నదానికి సామాన్లు దొరికినంతకాలం, విప్పి బిగించే చెయ్యి ఊళ్లో ఉన్నంతకాలం దాన్ని ఉంచుకోవచ్చు. ఈ రెంటిలో ఏది పోయినా ఎంత మంచి కారైనా అమ్మేయాల్సిందే. తయారీ ఆగి పదేళ్లు దాటిన కార్ల విడిభాగాల కోసం పోర్షేకు క్లాసిక్ అని ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడ ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి, కానీ వస్తువంటూ ఉంది. చాలా కంపెనీల విషయంలో ఆ మాట కూడా చెప్పలేం.

ప్రభుత్వం వైపు నుంచి లెక్క కూడా చూసుకోవాలి. సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకు ఆ ఫీజు 5,000 రూపాయలు, దిగుమతి కారుకు 40,000. మిత్రుడి కారుకు ఆ గడువు 2028. ఆపైన పెట్రోలు. 1957లోనే కాల్‌టెక్స్ వాళ్లు రిఫైనరీ పెట్టిన ఊరిది, ఇప్పుడది హెచ్‌పీసీఎల్‌ది. పెట్రోలు పుట్టే ఊళ్లోనే పెట్రోలు గురించి బెంగ. ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుకు తట్టుకునేలా కార్లు చేయడం ఇక్కడ 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది, అంతకు ముందువి చాలావరకు ఆ ఆలోచనతో చేసినవి కావు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. సముద్రం పక్కన సగం ట్యాంకుతో కారును నెలల తరబడి కదపకుండా ఉంచడం అన్నిటికంటే చెడ్డ పని. కవరు కప్పి దాచుకున్న కారు కంటే వారం వారం భీమిలి వెళ్లొచ్చే కారే బాగుంటుందని కాలమిస్టు వాదన. ఆదివారం షికారుకు ఇది సాకు కూడా అనుకోండి.

మధ్యలో మిత్రుడు ఎంజీ సైబర్‌స్టర్ చూసొచ్చాడు. 2025 జులైలో 74.99 లక్షలకు వచ్చిన ఎలక్ట్రిక్ టూ సీటర్, 510 పీఎస్, 100 కిలోమీటర్ల వేగం 3.2 సెకన్లలో. తలుపులు పైకి లేస్తాయి, పిల్లలు ఫొటోలకు ఎగబడతారు. కానీ బరువు రెండు టన్నులకు దగ్గర, 718 అయితే 1,400 కిలోల చుట్టుపక్కల. బ్యాటరీ కార్లంటే కాలమిస్టుకు చిన్నచూపేమీ లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు ఈలవేస్తూ దూసుకుపోతుంటే జనం కేరింతలు కొట్టారు. మరుసటి ఏడాది ఆ పోటీ రద్దయింది, అది వేరే కథ. రోజూ ఐటీ కొండ ఎక్కి దిగడానికి ఎలక్ట్రిక్ కారును మించింది లేదు. పాట కోసం కొన్నవాడికి మాత్రం అది బదులు కాదు, మరో కారు.

చివరికి మిత్రుడు అమ్మకం మాట పక్కనపెట్టి రెండువైపులా కండెన్సర్లు, టాప్ కింది గొట్టాలు ఆర్డరు పెట్టాడు. సామాను వచ్చాక బంపరు మళ్లీ విప్పి, రేడియేటర్ల ముందు సన్నటి జాలీ బిగించాలని ఒప్పందం. జాలీ మాత్రం 316 గ్రేడు స్టెయిన్‌లెస్ అయితేనే ముట్టుకుంటానని మెకానిక్ షరతు పెట్టాడు. ఫిషింగ్ హార్బరులో బోట్ల పని చేసేవాళ్ల దగ్గర దొరుకుతుందట. మిత్రుడు అక్కడ అడగడానికి వెళ్తూ, పోలోకూ ఒక ముక్క తేవాలా అని కాలమిస్టుకు ఫోన్ చేశాడు.