ఒకే రాశి

అన్నానికి బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, రాళ్లు ఏరే ముందు మా నానమ్మ ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. జొన్నలు వండే రోజైతే జొన్నలే. డోర్నకల్ చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్లలో ఇది పాత అలవాటు. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు, కూలినాలి చేసుకునేవాళ్లు కూడా ఇచ్చేవాళ్లుగానే బతకాలని పట్టుబట్టారు. నానమ్మకు ఈ చరిత్రంతా తెలియదు. ఆ పిడికెడు కొలిచిన బియ్యంలోంచే పోవాలని మాత్రం తెలుసు. బస్తాలోంచి తీస్తే లెక్కకు రాదనేది. కొలిచినదాంట్లోంచి తీస్తే ఆ పూట ఇంట్లో ఎవరికో ఒక ముద్ద తగ్గుతుంది. తగ్గేది ఎక్కువసార్లు ఆమెకే.

క్రిస్మస్‌కు ముందొచ్చే ఆదివారం ఆ కుండలన్నీ చర్చికి వచ్చేవి. గుమ్మం లోపల పరిచిన ఈతచాప మీద అందరూ కుమ్మరించేవాళ్లు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు, అన్నీ కలిసి ఒకే రాశి. ఎవరి కుండలోంచి ఎంత పడిందో ఒకసారి పోశాక చెప్పలేం. పండగపూట ఇబ్బందిలో ఉన్న ఇళ్లకు చీకటి పడ్డాక ఆ రాశిలోంచే మూటలు వెళ్లేవి. చిన్నప్పుడు నాకు ఆ చాప మీద జారి పడుతున్న బియ్యం చప్పుడంటే ఇష్టం. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

ఖమ్మంలో సండే స్కూలు చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. అందులో చాలా ఏళ్లు ఆ రాశి నాకు గుర్తే రాలేదు. ఒక డిసెంబరులో సెమీ క్రిస్మస్ రోజు దుప్పట్లు పంచాలనుకున్నాం. పిల్లల చేతుల మీదుగా పంచితే వాళ్లకు దానగుణం అలవడుతుందని చెప్పింది నేనే. స్టేజీ, ఫ్లెక్సీ, మైకులో పేర్లు. పిలిచిన పేర్లలో నాలుగోది మా క్లాసులో చదివే ఒక అమ్మాయి వాళ్లమ్మది. తల్లి చెయ్యి పట్టుకుని ఆ పిల్ల కూడా మెట్లెక్కింది. దుప్పటి అందించాల్సిన పిల్లవాడు ప్రతి ఆదివారం ఆమె పక్కనే కూర్చునేవాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఫోటో కోసం ఇటు తిరగమన్నారు, తిరిగారు. కింద అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత నాలుగు ఆదివారాలు ఆ పిల్ల రాలేదు. ఇంటికి వెళ్లాను. తల్లి మంచం వాల్చి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "దుప్పటి మంచిదే టీచరమ్మా. పిల్లే కప్పుకోనంటాంది" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. దానం రహస్యంగా చేయమని కొండమీద ప్రసంగంలో ప్రభువు చెప్పిన మాట నేను పిల్లలచేత కంఠతా పట్టించినదే. మనం క్రిస్మస్ తాత అంటున్న మనిషి వెనక ఉన్నది నాలుగో శతాబ్దపు మైరా బిషప్ నికొలస్. ముగ్గురు ఆడపిల్లల పెళ్లికి దారిలేని ఒక తండ్రి ఇంట్లోకి ఆయన రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూటలు విసిరాడని కథ. అది కూడా ఏటా చెబుతూనే ఉన్నాను. రాత్రిపూటే ఎందుకు విసిరాడని ఒక్క పిల్లనూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

మరుసటి ఏడు నానమ్మ కుండ తిరిగి తెచ్చాను. అడ్వెంట్ మొదటి ఆదివారం పిల్లలందరికీ చెబుతాను. ఇంట్లో ఉన్న ఏ డబ్బా అయినా సరే, హార్లిక్స్ సీసా అయినా సరే. అమ్మ అన్నానికి కొలిచాక అందులోంచి మీ చేత్తో మీరే ఒక పిడికెడు తీయాలి. ఏ పిల్లకూ మినహాయింపు లేదు. ఇంట్లో కష్టంగా ఉన్న పిల్లల్ని మొదట్లో నాలుగైదు రోజులు వదిలేద్దామనుకున్నాను. అదే తప్పు మళ్లీ చేయబోయానని తర్వాత అర్థమైంది. ఇవ్వడానికి నీ దగ్గరేమీ లేదని ఒక పిల్లకు చెప్పే హక్కు నాకెవరిచ్చారు?

పెద్దవాళ్లను ఒప్పించడమే కష్టం. "రోజూ గుర్తుపెట్టుకుని వాడేం తీస్తాడు టీచర్, చివర్లో కిలో ప్యాకెట్ పంపిస్తాలే" అంటారు తల్లులు. వద్దమ్మా, మీ అన్నంలోంచే తీయనివ్వండి అని బతిమాలతాను. తొమ్మిదేళ్ల పిల్లవాడి పిడికిట్లో పట్టేది పాతిక గ్రాములు. నెలకు కిలో కూడా కాదు. అయినా రోజుకొకసారి, ఆకలేసే వేళకు, ఇంకో ఇల్లు వాడి తలపుకొస్తుంది. కిలో ప్యాకెట్టు తేలేనిది అదే.

విధవరాలి రెండు కాసుల కథకు చింతగింజలు వాడతాను. ఒకరికి ఇరవై, ఒకరికి రెండు ఇచ్చి, కానుకల పళ్లెంలో వేయమంటాను. ఎంత వేశావని కాకుండా గుప్పిట్లో ఎన్ని మిగిలాయో చూపించమంటాను. ఖాళీ చెయ్యి చూపించిన పిల్ల వంక మిగతావాళ్లు చూసే చూపు వేరుగా ఉంటుంది. కనికరం అన్న మాటకు నేను అర్థం చెప్పడం మానేశాను.

మెదక్ చర్చికి వందేళ్లు నిండిన ఏడాది పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాం. 1914లో మొదలై పదేళ్లు కట్టిన గుడి, 1924 డిసెంబరు 25న తెరిచారు. కరువు కాలంలో దాన్ని కట్టించిన పోస్నెట్ దొర జనానికి ఊరికే గింజలు పంచకుండా, పని ఇచ్చి అన్నం పెట్టారని చెబితే, ఒక పిల్లవాడు ఆ రాళ్లను చేత్తో తడిమి, "అయితే ఇది వాళ్లు కట్టిందే కదా టీచర్, వాళ్లకిచ్చింది కాదు కదా" అన్నాడు. నేను అలా ఎన్నడూ అనుకోలేదు.

కిందటేడు 26 మంది పిల్లలు పోసింది 16 కిలోలు. సంఘం పెద్దలు ఇంకొంత కలిపారు. మూటలు కట్టేది నేనూ ఇంకొకరూ, తీసుకెళ్లేది కూడా మేమిద్దరమే. జాబితా పిల్లలకు తెలియదు, తెలియనివ్వం. ఆ దుప్పటి అమ్మాయి మళ్లీ వస్తోంది. ఇప్పుడు ఎనిమిదో తరగతి. వాళ్ల డబ్బాలో బియ్యం మీద ఒక కోడిగుడ్డు పెట్టి తెస్తుంది, ఊక చుట్టూ వేసి. చాప మీద పోసేటప్పుడు ముందు గుడ్డు తీసి పక్కన పెడుతుంది.

ఈ ఏడు వాళ్ల తమ్ముడు కూడా చేరాడు, ఆరేళ్లు. పోయిన ఆదివారం నా కొంగు పట్టుకుని, "నా పిడికిలి చిన్నది కదా టీచర్, రెండుసార్లు తియ్యనా?" అన్నాడు. మీ అమ్మనడుగు నాన్నా అన్నాను. ఈతచాప కడిగి మేడ మీద ఆరేశాను.