ఊదా రంగు క్యాసెట్

‘ఓన్లీ బిల్ట్ ఫర్ క్యూబన్ లింక్స్’ ఆల్బమ్ 1995 ఆగస్టు 1న అమెరికాలో విడుదలైంది. అభిమానుల్లో చాలామంది దాన్ని ఆ పేరుతో పిలవరు. ‘పర్పుల్ టేప్’ అంటే చాలు. షాపులో వంద క్యాసెట్ల మధ్య ఉన్నా కంటికి ఆనేలా దాన్ని ఊదా రంగు ప్లాస్టిక్‌తో చేయించారు. వూ-టాంగ్ క్లాన్ ర్యాప్ బృందంలోని రేక్వాన్‌కు ఇదే మొదటి సోలో ఆల్బమ్. సోలో అన్న మాటే గానీ, అతను ఒక్కడే పాడిన పాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సినిమా పోస్టర్‌లో వేసినట్టు అట్ట మీదే అదే బృందంలోని ఘోస్ట్‌ఫేస్ కిల్లా పేరును అతిథి నటుడిగా వేశారు.

న్యూయార్క్‌లోని స్టేటెన్ ఐలండ్‌ కేంద్రంగా ఎదిగిన ఈ తొమ్మిదిమంది బృందం 1993లో మొదటి ఆల్బమ్ తెచ్చింది. బృందం లౌడ్ రికార్డ్స్‌తో ఒప్పందం చేసుకున్నా, సభ్యులు విడిగా ఏ కంపెనీకైనా వెళ్లొచ్చని సూత్రధారి రిజా ముందే షరతు పెట్టాడు. మెథడ్ మ్యాన్ డెఫ్ జామ్‌కు వెళ్లాడు, ఓల్ డర్టీ బాస్టర్డ్ ఎలెక్ట్రాకు వెళ్లాడు. రేక్వాన్ మాత్రం లౌడ్‌లోనే ఉండిపోయాడు. తొమ్మిది గొంతుల మధ్య తన వంతుకు వచ్చిన నాలుగు చరణాలతో మెప్పించడం వేరు, గంటకు పైగా సాగే ఆల్బమ్‌ను నిలబెట్టడం వేరు.

అతని పనితనం తెలియాలంటే ర్యాప్ లెక్క కొంచెం తెలియాలి. బార్‌కు నాలుగు దెబ్బలు, మామూలుగా ఒక చరణానికి పదహారు బార్లు. మన పద్యంలో ప్రాస కుదరాలంటే రెండో అక్షరంలో హల్లు కలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. ర్యాప్‌లో దాదాపు ఇది తలకిందులు. అచ్చుల వరస కలిస్తే చాలు, హల్లులు మారినా చెవి ఒప్పుకుంటుంది. సాదా ర్యాపర్ ఆ కలయికను పాదం చివర నాలుగో దెబ్బకు అట్టిపెట్టుకుంటాడు. రేక్వాన్ అంతదాకా ఆగడు. పాదం మధ్యలోనే రెండు మూడు చోట్ల కలిపేస్తాడు. అందుకోసం వాక్యంలోని అతుకుల్ని తీసి పారేస్తాడు. కారు, బూట్లు, వీధి పేరు, తిన్న తిండి అన్నీ పక్కపక్కనే వచ్చి పడతాయి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని విప్పి చెప్పడు. వాళ్ల పేట యాసకు అర్థం అడిగే తీరిక కూడా ఇవ్వడు. మొదటిసారి వింటే సగం అంతుపట్టదు. అయినా ఒక గది, అందులో కొందరు మనుషులు, వాళ్ల మధ్య నలిగే భయం కళ్లకు కడతాయి.

‘క్రిమినాలజీ’ పాట వినండి. ‘స్కార్‌ఫేస్’ సినిమా సంభాషణతో మొదలై, ఒక్కసారిగా బూరలు విరుచుకుపడతాయి. ముందు అందుకునేది ఘోస్ట్‌ఫేస్. ఆల్బమ్ రేక్వాన్‌ది, తొలి చరణం అతిథిది! ఘోస్ట్‌ఫేస్ గొంతు హెచ్చు స్థాయిలో, ఏడుపుకు అరుపుకు మధ్య ఊగుతుంది. ఆ వేడి మీద రేక్వాన్ లోగొంతుతో, తొణక్కుండా దిగుతాడు. ఆ నిబ్బరం అంతగా తెలిసి రావడానికి ముందు వచ్చిన అరుపే కారణం. నా మటుకు ఈ ఆల్బమ్ గొప్పతనమంతా ఈ ఎత్తుగడలోనే ఉంది: తన గొంతు తేలాలంటే పక్కన ఎవరుండాలో అతనికి తెలుసు.

బీట్లన్నీ రిజావే. స్టేటెన్ ఐలండ్‌లో ఇంటి నేలమాళిగే స్టూడియో. పాత సోల్ రికార్డుల నుంచి పియానో ముక్కో తీగల మూలుగో కత్తిరించి, గరగరను కడగకుండా అలాగే తిప్పుతాడు. పాటల మధ్య జాన్ వూ తీసిన ‘ద కిల్లర్’ మాటలు వినిపిస్తాయి. కిరాయి హంతకుడికీ పోలీసుకీ కుదిరిన స్నేహం ఆ సినిమా కథ. రేక్వాన్ పార్క్ హిల్ వాడు, ఘోస్ట్‌ఫేస్ స్టేపుల్టన్ వాడు. ఆ రెండు పేటలకూ పడేది కాదు. కాబట్టి ఆ మాటలు అలంకారానికి పెట్టినవి కావనిపిస్తుంది.

అన్నీ మెచ్చుకోదగ్గవేం కావు. ఆడవాళ్లను ఐస్‌క్రీమ్ రుచులుగా వర్ణించే ‘ఐస్ క్రీమ్’ పాటలో గిటార్ ఎంత తీపిగా ఉన్నా, ఆ ఊహ చవకబారుదే. మాదకద్రవ్యాల వ్యాపారాన్ని ఈ ఆల్బమ్ గొప్ప చేసిందన్న ఫిర్యాదునూ కొట్టిపారేయలేం. అయితే మొదటి ట్రాకులోనే ఈ బతుకు నుంచి బయటపడే దారి గురించి రేక్వాన్, ఘోస్ట్‌ఫేస్ ఇద్దరూ మాట్లాడుకుంటారు. ‘రెయినీ డేజ్’లో బ్లూ రాస్‌బెర్రీ పాడుతుంటే ఈ డబ్బుకు చెల్లించే మూల్యమే వినబడుతుంది.

ఆ తరువాత మాఫియా పేర్లు, సూట్లు, సిగార్లు న్యూయార్క్ ర్యాప్‌లో ఫ్యాషన్ అయ్యాయి. మరుసటి ఏడాది జే-జీ తొలి ఆల్బమ్ ‘రీజనబుల్ డౌట్’ ఆ దారిలోనే వచ్చి తనదైన ముద్ర వేసింది. మిగతా వాళ్లలో ఎక్కువమంది వేషం వరకే తీసుకున్నారు, మాటల చిక్కదనం వాళ్లకు పట్టుబడలేదు. 1996లోనే ఘోస్ట్‌ఫేస్ తన మొదటి సోలో ‘ఐరన్‌మ్యాన్’ తెచ్చాడు. దాని అట్ట మీదా అతనొక్కడే లేడు, రేక్వాన్, మరో వూ-టాంగ్ సహచరుడు కప్పడోనా కూడా ఉన్నారు.